తెనాలిలో చేపలకు హీటరు

మొదటి ఉద్యోగం చేసే రోజుల్లో మనిషికి తన తెలివి మీద ఉండే నమ్మకం ఆ తరవాత ఇంకెప్పుడూ ఉండదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, పిల్లల ఇంటిపేర్లు తప్పుల్లేకుండా కొట్టాల్సిన ఉద్యోగం (తప్పులతోనే కొట్టేదాన్ని). రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. ఆ మాత్రానికే మా రేపల్లె మావయ్య నన్ను ‘ఆఫీసరమ్మా’ అని పిలిచేవాడు. అది వేళాకోళమని తెలియక నేను గంభీరంగా పలికేదాన్ని. నా అంత గుట్టుగా పని చక్కబెట్టగల మనిషి గుంటూరు నుంచి చీరాల దాకా లేదని నా గట్టి నమ్మకం. ఆ గుట్టు సంగతి చెప్పాలంటే నాలుగు చేపల గురించి చెప్పాలి. (తినే చేపలు కావు. మా వైపు ఈ మాట ముందే చెప్పకపోతే పులుసా, వేపుడా అని అడుగుతారు.)

మావయ్య మా అమ్మకు తమ్ముడు. రేపల్లె అవతల రొయ్యల చెరువులు చేసేవాడు. నీళ్ళు కాస్త చల్లబడితే చాలు, రొయ్య మేత మానేస్తుంది. అది మేత మానేసిన నాలుగో రోజుకు గట్టు మీద మనిషి అన్నం మానేస్తాడు. ఒక చలికాలంలో అలాగే రెండు చెరువులూ పోయాయి. చచ్చిన రొయ్యనంతా గుంట తీసి పూడ్చి ఇంటికొచ్చిన మావయ్య పది రోజులు వసారాలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడట. వాళ్ళకు పిల్లలు లేరు. అత్తయ్యకు మాటలతో ఓదార్చడం రాదు. బస్సెక్కి బాపట్ల వెళ్ళి ఒక రెండడుగుల అక్వేరియం, నాలుగు ఏంజెల్ చేపలు తెచ్చి, ఆయన చూస్తున్న గోడ దగ్గరే పెట్టింది. “ఇంట్లో నాలుగన్నా బతికుంటాయి, చూడండి” అందట. వెండి రంగు మీద నల్లటి చారలు, పైకీ కిందికీ పొడుగాటి రెక్కలు, గాలిపటాల్లా నిలబడి ఈదే చేపలు. మావయ్య వాటిని చూస్తూ చూస్తూ మెల్లగా మళ్ళీ మనుషుల్లో పడ్డాడు.

అప్పటినుంచి ఆ నాలుగూ చావకూడదని అత్తయ్య ఒక నియమం పెట్టుకుంది. ఆ సంగతి చేపలకు తెలియదు కదా. ఒకటి పోయినప్పుడల్లా, మావయ్య చెరువు మీద ఉండే వేళ చూసుకుని బాపట్ల వెళ్ళి అలాంటిదే ఇంకోటి తెచ్చి వేసేది. నేను డిగ్రీ చదవడానికి బాపట్లలో చేరాక ఆ పని నాకు అప్పగించింది. ఉద్యోగం కూడా అక్కడే రావడంతో నాకు ఆ పదవి ఖాయమైంది. “చారలు సరిగ్గా చూసి తీసుకో. మీ మావయ్యకి తెలిసిందంటే ఇక నీకూ నాకూ మాటల్లేవు” అని ఫోను పెట్టేసేది. నేను చేపను కొని తెనాలి తెచ్చి, అక్కణ్ణుంచి రేపల్లె పాసింజరెక్కి, స్టేషన్లో అత్తయ్యకు అందించి, వచ్చిన బండికే తిరిగొచ్చేదాన్ని.

ఒక డిసెంబరు ఆదివారం ఆ పాసింజరులో నీళ్ళ కవరును చున్నీ కింద పొట్టకు ఆనించుకుని నిలబడ్డాను. ఏంజెల్ వెచ్చటి నీళ్ళ చేప, చలిగాలి తగలనివ్వొద్దని బాపట్ల చేపల కొట్టాయన మరీమరీ చెప్పాడు. ఎదురు సీటులో ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, జరిగి కాస్త చోటిచ్చి, “ఎన్నో నెలమ్మా?” అని అడిగింది. నాకప్పటికి పెళ్ళిచూపులు కూడా కాలేదు. కానీ నిజం చెబితే సీటు పోతుంది. “ఐదండి” అన్నాను. ఆవిడ నా పొట్టకేసి చూసి, ఐదుకే ఇంత కదులుతోందేమిటని ఆశ్చర్యపోయి, వేమూరులో దిగేదాకా నేనేం తినాలో, ఏం తినకూడదో చెబుతూనే ఉంది. రేపల్లెలో దిగి ఇది చెప్పగానే అత్తయ్య ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆవిడ అంతగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మరుసటి ఏడు వానలు వెనకబట్టే వేళకు అత్తయ్య పోయింది. మామూలు జ్వరమే అన్నారు, పది రోజుల్లో అయిపోయింది. ఆ పది రోజుల గురించి రాయడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఒకటి మాత్రం చెబుతాను. ఆస్పత్రిలో చేరే ముందు రోజు ఆవిడ నాకు ఫోను చేసింది. పొద్దుటినుంచి కరెంటు లేక, నీళ్ళలో గాలి బుడగలు ఆగి చేపలు నాలుగూ ఒక్కసారే పోయాయి, మావయ్య సాయంత్రానికి గానీ రాడు, ఈలోగా నాలుగూ కావాలి అంది. నేను ఆఫీసులో సెలవు పెట్టి తీసుకెళ్ళాను. కాగిపోతున్న ఒంటితోనే స్టేషనుకు వచ్చింది. కవరు వెచ్చగా ఉందో లేదో చేత్తో పట్టుకు చూసి, “నా చెయ్యే కాలుతోందే, తెలీడం లేదు” అంది. ఆవిడ నాతో అన్న ఆఖరు మాట అదే. నేనో, బండి కదిలిపోతుందని పరుగెత్తాను. జ్వరమెంతుందని కూడా అడగలేదు.

నెల తిరక్కముందే అమ్మ మావయ్యను మా ఇంటికి తీసుకొచ్చింది. ఆయన తెచ్చుకున్న సామాను రెండు జతల బట్టలు, అక్వేరియం, పాల క్యానులో నాలుగు చేపలు. రైల్లో ఖాళీ గాజు తొట్టెను ఒళ్ళో పెట్టుకుని నేను (ఈసారి ఎవరూ నెల అడగలేదు), క్యానును మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఆయన. వేలు ముంచి చూడటం, మూత పెట్టడం, మళ్ళీ తీసి వేలు ముంచడం. భట్టిప్రోలు దాటాక టీ అమ్ముకునే అతన్ని ఆపి, పాలూ పంచదారా లేకుండా ఉత్త వేడినీళ్ళు ఒక కప్పు అడిగాడు. ఒంట్లో బాగాలేదాండి అని అతనడిగితే, అవునండి అని తలూపి, ఆ నీళ్ళు చెంచాడు చెంచాడుగా క్యానులో పోశాడు. టీ అతను మా పక్కనే నిలబడి చూసి, ఇంకో అరకప్పు పట్టి ఇచ్చాడు. అమ్మ కిటికీ వైపు తిరిగి చెంగుతో మొహం తుడుచుకుంది.

మా ఇంటికొచ్చాక ఆ రెండడుగుల తొట్టె ఒక చెరువైపోయింది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి చెరువులో చెక్ ట్రే అని ఒకటి దించుతారు. మావయ్య మా టీ వడగట్టే జల్లెడకు దారం కట్టి దించాడు. పూట పూటకీ పైకి తీసి, చేపలు మిగిల్చిన మేత గింజల్ని చూపుడువేలితో లెక్కపెట్టేవాడు. కరెంటు పోయి గాలి బుడగలు ఆగితే ఇంట్లో ఉన్నవాళ్ళం వంతులవారీగా చెంబుతో నీళ్ళు తీసి ఎత్తునుంచి పొయ్యాలి. మా నాన్న పేపరు చదువుతూ ఒక చేత్తో పోసేవారు, సగం నీళ్ళు పేపరు మీదే పడేవి. ఎవరొచ్చినా మావయ్య తొట్టె దగ్గరకు తీసుకెళ్ళి, ఇవి ఎనిమిదేళ్ళ చేపలండి, మా ఆవిడ పెంచింది, ఒక్కటి కూడా పోలేదండి అని చెప్పేవాడు. వాటిని కొని రెండు నెలలన్నా కాలేదని తెలిసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. జల్లెడ దారం సర్దుతున్నట్టు నటించేదాన్ని. అత్తయ్య నాకు అప్పగించిన పని ఇంకా చేస్తున్నాననే గర్వం ఒకటి. నేను దాచలేకపోయిన రోజున ఈయన మళ్ళీ గోడకేసి తిరిగి కూర్చుంటాడనే భయం ఒకటి.

ధనుర్మాసం వచ్చింది. చేపలు అడుక్కు దిగి కదలడం మానేశాయి, మావయ్య అన్నంలో చెయ్యి కడిగేసుకోవడం మొదలుపెట్టాడు. నేను బాపట్ల కొట్టుకు వెళ్ళి హీటరు కావాలంటే కొట్టాయన నవ్వి, తెనాలిలో హీటరెందుకండి, ఫ్యాను పెట్టించండి అన్నాడు. కానీ ఏంజెల్ అని చెప్పగానే నవ్వు ఆపి, అటక మీదనుంచి దుమ్ము పట్టిన డబ్బా దించాడు. లోపల తీగచుట్టతో ఒక గాజు గొట్టం. దానికో ఎర్ర దీపం. మావయ్య దాన్ని నీళ్ళలో పూర్తిగా మునిగేట్టు, వేడి అంతటా పాకేలా ఫిల్టరు పక్కన అమర్చాడు, ఎదురు మూలన థర్మామీటరు అంటించాడు, తొట్టెకు మూత చేయించాడు. రెండో రోజుకు చేపలు పైకొచ్చాయి. ఆ రోజు మావయ్య మారు వడ్డించుకున్నాడు. నీళ్ళు మార్చేటప్పుడు ముందు ప్లగ్గు తియ్యాలనీ, గొట్టం చల్లారేదాకా పావుగంట ఆగాలనీ, కొత్త నీళ్ళు కూడా అంతే వెచ్చగా ఉండాలనీ నాకు మూడుసార్లు చెప్పాడు. మొదటిసారే అర్థమైందన్నట్టు తల ఎగరేశాను.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం, చెరువులు వేరేవాళ్ళకు అప్పజెప్పడానికి మావయ్య పొద్దున్నే రేపల్లె వెళ్ళాడు. నీళ్ళు మార్చమని నాకు చెప్పి వెళ్ళాడు. నేను ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఆఫీసు స్నేహితురాలికి మా ఇంట్లో చేపల వ్యవహారమంతా నా తెలివి మీదే నడుస్తోందని వివరిస్తూ, గొట్టంతో నీళ్ళు దించాను. హీటరు సగం బయటికొచ్చింది, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. కుళాయి నీళ్ళు బకెట్టుతో ఎత్తి పోశాను. హీటరు గాజు టప్ మని పగిలింది, ఇంట్లో మెయిన్ పడిపోయింది. చూస్తుండగానే నాలుగు చేపలూ ఒక్కసారిగా పక్కకు వాలిపోయాయి.

ఏడవడానికి కూడా తీరిక లేదు. చచ్చిన చేపల్ని గిన్నెలో వేసి మూతపెట్టి, మావయ్య సాయంత్రం బండికి గానీ రాడులే అని అమ్మతో చెప్పి, స్టేషనుకు పరుగెత్తాను. కొట్లో పెద్ద ఏంజెల్‌లు లేవు. రూపాయి బిళ్ళంతవే ఉన్నాయి. చారలు చూసి నాలుగు ఏరుకుని, కవరు చున్నీ కింద పెట్టుకుని దొరికిన బండెక్కాను. ఇంటికొచ్చేసరికి మావయ్య ముందే వచ్చేశాడు. తొట్టె ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మూత తీసిన గిన్నె. నేను గుమ్మంలో ఆగిపోయాను. ఆయన నా మొహం చూశాడు, చున్నీ చూశాడు.

“ఈసారి కూడా చిన్నవే దొరికాయా, ఆఫీసరమ్మా?” అన్నాడు.

గుమ్మంలోనే కూర్చున్నాను. ఎప్పటినుంచి తెలుసని ఎలాగో అడిగాను. మొదటి ఏడే తెలిసిందట. వారం వారం వల వేసి రొయ్య ఎన్ని గ్రాములు పెరిగిందో చూసుకునే మనిషిని, రోజూ మేత తినే చేప ఉన్నట్టుండి సగానికి తగ్గితే నాకు తెలీదనుకున్నారా మీరిద్దరూ అన్నాడు. మరి అత్తయ్యతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెబితే మానేసేది. నేను చెరువునుంచి వచ్చి చేపల్ని చూస్తుంటే, అది తలుపు చాటునుంచి నన్ను చూసేది, కనిపెట్టానా లేదా అని. ఎనిమిదేళ్ళు చూసింది. అట్టా చూడటం పోతుందని చెప్పలేదమ్మా.”

తరవాత ఆయన గిన్నె వైపు చూసి, ఇవి దాని చేత్తో వేసిన ఆఖరువి, నన్ను మోసం చేసేవాళ్ళు ఇక ఎవరూ లేరనుకున్నా అన్నాడు. అనేసి, తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్తయ్య పోయిన రోజునా, పెద్దకర్మ రోజునా ఏడవని మనిషి. నేను కూడా గుమ్మానికి ఆనుకుని గట్టిగానే ఏడ్చాను. హీటరు పగిలినందుకు కాదు, ఆ రోజు స్టేషన్లో జ్వరమెంతుందని అడగనందుకు. ఆ మాట కూడా అప్పుడే ఆయనతో చెప్పేశాను. మావయ్య నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. లేచి వచ్చి, ముందు కవరు నీళ్ళమీద తేలనియ్యి, రెండు నీళ్ళూ ఒక వేడికి రావాలి అన్నాడు. అమ్మ వంటింట్లోంచి గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది.

ఆ నాలుగూ పెద్దవయ్యాయి. మావయ్య చెరువుల జోలికి మళ్ళీ వెళ్ళలేదు, మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఎవరొచ్చినా, ఎనిమిదేళ్ళ చేపలండి, మా ఆవిడ పెంచింది అని చెబుతూనే ఉండేవాడు. లెక్క ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. పోయినేడు ఆయనా పోయాడు. తొట్టె ఇప్పుడు తెనాలిలోనే, నేనూ మా వారూ ఉంటున్న ఇంట్లో ఉంది. చలికాలం రాగానే హీటరు దించుతాను, చూసినవాళ్ళు నవ్వుతారు. నీళ్ళు మార్చేటప్పుడు ఫోను పక్క గదిలో పెట్టి, ప్లగ్గు తీసి, చేతులు కట్టుకుని పావుగంట కూర్చుంటాను. ఆ పావుగంటలో సాధారణంగా ఆ ఇరవై రెండేళ్ళ ఆఫీసరమ్మే గుర్తొస్తుంది, గుంటూరు నుంచి చీరాల దాకా తనంత గుట్టుమనిషి లేదనుకున్న పిల్ల. నవ్వొస్తుంది, తరవాత మనసు బాగుండదు.

మొన్న మా వారు ఏదో పనుందని బాపట్ల వెళ్ళొచ్చారు. మర్నాడు మేత వేస్తుంటే, నాలుగింటిలో ఒక చేప కాస్త చిన్నదైనట్టు అనిపించింది. వంగి మళ్ళీ చూశాను. సగానికి సగం తగ్గింది. వెనక తలుపు దగ్గర ఆయన నిలబడి ఉన్నారని నాకు తెలుసు. మేత వేసి, మూత పెట్టి, చాలాసేపు చేపల్నే చూస్తూ నిలబడ్డాను. వెనక్కి తిరగలేదు.