గ్రామసభలో విశ్వాసుల ప్రార్థన

కారేపల్లి దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. మా ఆయనకు బొగ్గు గనిలో పని. ఊళ్లో కథోలికుల ఇళ్లు కొన్నే. రేకుల కప్పు వేసిన చిన్న గుడిలో ఆదివారం పూజ జరుగుతుంది. అందులో విశ్వాసుల ప్రార్థన చదవడం నా పని. రోగుల కోసం, పంటల కోసం, పాలకుల కోసం నేను ఒక్కో మనవి చదువుతుంటే, అందరూ "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అంటారు.

ఊరి పక్కన వాగు ఉంది. అవతలి గూడెం పిల్లలు అది దాటి మా ఊరి బడికి రావాలి. వాన పడితే చాలు, తల్లులు వాళ్లను భుజాలమీద ఎక్కించుకొని నీళ్లలో దిగేవాళ్లు. ఒక వానాకాలమంతా ఆ పిల్లల కోసం కూడా మనవి చదివాను.

మా జపమాల బృందంలో అందరికంటే పెద్దావిడను పెద్దమ్మ అంటాం. ఒక ఆదివారం పూజ కాగానే ఆమె ఫాదర్‌గారిని ఆపింది.

"వాగు సంగతి దేవునికి వారం వారం చెప్తనే ఉన్నం ఫాదర్. ఆఫీసరుకు ఎవలు చెప్పాలె?"

ఫాదర్‌గారు నవ్వి నా వైపు తిరిగారు. "వచ్చే వారం గ్రామసభ ఉంది కదమ్మా. ఇక్కడ చదివిందే అక్కడా చదువు."

గుడి బయట నేనెప్పుడూ మైకు పట్టలేదు. కానీ ఆ వారమంతా సాయంత్రం జపమాల అయ్యాక ఆడవాళ్లు నన్ను కూర్చోబెట్టి మాట్లాడించారు. పక్కింటి అక్క మా మతం కాదు, అయినా వచ్చి, "గట్టిగ మాట్లాడు చెల్లె, మేం నీ ఎనకనే ఉంటం" అంది. గూడెం తల్లులు కూడా వస్తామన్నారు.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. రోడ్లు, వంతెనలు చూసే ఇంజనీరు సారు ముందు వరుసలో కూర్చున్నాడు. నా పేరు పిలవగానే లేచాను. మైకు అందుకోగానే అలవాటుకొద్దీ సిలువ గుర్తు వేసుకున్నాను. అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. నోట్లోంచి వచ్చింది గుడిలో చదివే వరసే.

"వాగు దాటి బడికొచ్చే పిల్లల కొరకు, వాళ్లను మోసుకొచ్చే తల్లుల కొరకు..."

ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అంతే, వెనకనుంచి మా బృందమంతా ఒక్క గొంతుతో, "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి!"

షామియానా అంతా నవ్వులే. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంజనీరు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటూ, "అమ్మా, నేను ప్రభువును కాదు, ఇంజనీరును" అన్నాడు.

పెద్దమ్మ లేచి నిలబడింది. "అవ్ సారూ, ఎరుకనే. ప్రభువుకు ఎప్పుడో చెప్పినం. ఇగ మీ వంతు."

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లో నా భయం పోయింది. వాగు సంగతంతా నా మాటల్లోనే చెప్పి, దాని మీద చిన్న వంతెన కావాలని అడిగాను. గూడెం తల్లి ఒకామె మైకు తీసుకొని, పోయిన వానల్లో కాలు జారి బిడ్డతో సహా పడిపోయిన సంగతి చెప్పింది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆ వారంలోనే ఇంజనీరు వచ్చి వాగు చూశాడు. వెంటనే ఏమీ కాలేదు. మేము మళ్లీ ఆఫీసుకు వెళ్లాం, ఆ తర్వాత కూడా వెళ్లాం. వెళ్లే ముందు గుడిలో కాసేపు మోకరించేవాళ్లం. అడిగే ధైర్యం అక్కడే దొరికేది. పక్కింటి అక్క బయట మెట్లమీద కూర్చొని, "జల్దీ కానియ్యుండ్రి, బస్సు పోతది" అని కేకేసేది.

మరుసటి వానలకు ముందే వాగు మీద కల్వర్టు లేచింది. ఫాదర్‌గారు తీర్థజలం చల్లారు, పక్కింటి అక్క కొబ్బరికాయ కొట్టింది. మొదట ఎవరు నడవాలని పెద్దవాళ్లు మర్యాదలు చేసుకుంటుండగానే, గూడెం పిల్లలు బడి సంచులతో అరుచుకుంటూ అవతలినుంచి పరుగెత్తుకొచ్చేశారు.