పన్నెండో పేరుకు వేసిన చీటీలు

ఈ జూన్‌లో నా చేతులు ఒక చోట నిలవలేదు. తోమిన కుందులే మళ్ళీ తోమాను. కట్టిన దండ విప్పి, మూర తక్కువైందేమోనని మళ్ళీ కట్టాను. ఆ కుందిని ఇంకా రుద్దితే సొట్ట పడుతుందని అన్న నవ్వాడు. నా కుదురులేనితనం అమెరికా బాస్కెట్‌బాల్ వల్ల మొదలైందంటే ఎవరూ నమ్మరు.

అన్న తిరుపతిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను బడికి వెళ్ళలేదు. చిన్నతనంలో జ్వరం వచ్చి కుడికాలు సన్నబడిపోతే, నాయన ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పాడు. పాత క్యాలెండర్ కాగితాల వెనకవైపు నా పలక. అక్షరమూ లెక్కా రెండూ ఆయన పెట్టిన భిక్ష, రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ మాట తలుచుకోకుండా ఉండను. ఇప్పటికీ ఏం రాయాలన్నా నాకు క్యాలెండర్ కాగితమే చేతికి వస్తుంది.

అన్న బడి పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే కోర్టు పక్కన ఒక బల్ల వేయించి, స్కోరు పుస్తకం నా చేతికిచ్చాడు. బుట్టలో పడినవెన్ని, పోయినవెన్ని, ఎవరికి ఎన్నో ఫౌలు, అన్నీ రాయాలి. పరుగెత్తడం ఎరగని నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఆటలోనే ఉన్నాను. అది తిరుచానూరు అమ్మవారు నాకు చూపించిన చోటు. ఆ బల్ల లేకపోతే నాకు ఇల్లు తప్ప మరో లోకం తెలిసేది కాదు.

రిటైరైన తర్వాత అన్నకు ఫోన్‌లో అమెరికా వాళ్ళ ఆట చూడడం అలవాటైంది. వాళ్ళ రాత్రి ఆటలు మనకు కాఫీ వేళకు వస్తాయి. అక్కడ ఏటా డ్రాఫ్ట్ అని ఒకటి జరుగుతుంది. కొత్తగా వచ్చే కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఏరుకుంటాయి. పోయిన ఏడు బాగా ఓడిన జట్లకే ముందు వంతులు. అన్నకు అసలు సరదా దాని తర్వాత ఉంది. పదేళ్ళో పదిహేనేళ్ళో అయ్యాక ఆ పాత జాబితాను ముందర పెట్టుకుని, ఎవడు నిలిచాడో ఎవడు పోయాడో తెలిసిన బుద్ధితో, అప్పుడు ఎవరిని ఎన్నో వంతులో తీసుకుని ఉండాల్సిందో మళ్ళీ రాయడం. అక్కడ జనం కూడా ఇలాగే రాసుకుంటారట. మా ఇంట్లో అన్న చెబుతాడు, నేను క్యాలెండర్ వెనక రాస్తాను.

రాస్తూ కొట్లాడుకుంటాం. మొదటి వంతులో తీసుకున్న పొడుగాయన రెండేళ్ళకే మోకాలు పోగొట్టుకుంటే, వాణ్ణి ఏరినవాళ్ళకు కళ్ళు యాడ ఉన్నాయో అని అన్న తిడతాడు. మోకాలు పోతుందని వాళ్ళకు ముందే ఎలా తెలుస్తుందని నేను అడ్డం పడతాను. "నువ్వు ఎవుర్నీ తిట్టనీవు గదా పాపా. కాణిపాకం పోదాం పద, వాడు పనికిరాడని ఆడ ప్రమాణం చేస్తా" అంటాడు. అబద్ధం ప్రమాణం చేస్తే ఆ వినాయకుడు ఊరుకోడని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ మాటకు ప్రతిసారీ నవ్వేదాన్ని.

ఈ ఏడు అన్న ఇంకొక వీడియో చూపించాడు. ఆ జట్లలో మొదటి వంతు ఎవరిదో తేల్చడానికి ఒక గాజు యంత్రంలో నంబర్లు వేసిన బంతులు గిరగిరా తిప్పి, ఒక్కొక్కటే పైకి తీస్తున్నారు. గది తలుపు మూసి ఉంది. చుట్టూ సాక్షులు కూర్చుని కళ్ళార్పకుండా చూస్తున్నారు.

"సూసినావా పాపా, అన్ని కోట్లుండేవాళ్ళు గూడా కడాకు మన మాదిరే చీటీలేసుకుంటా ఉండారు" అన్నాడు అన్న సంబరంగా.

నా కాఫీ గ్లాసులోనే చల్లారిపోయింది. నేను వేసిన చీటీలకు సాక్షులు లేరు.

అన్న అక్కడితో ఆగలేదు. మన జట్టును కూడా ఒకసారి మళ్ళీ ఏరుకుందాం అన్నాడు. పదిహేనేళ్ళ కిందట జిల్లా పోటీలకు పంపిన జట్టు, పన్నెండు మంది. అన్న శిష్యురాళ్ళలో అదే గట్టి జట్టు. ఇప్పుడు వాళ్ళు ముప్పై దాటినవాళ్ళు. నెలాఖరు ఆదివారం ఇంటికి పిలిచి, గోడకు పెద్ద కాగితం అతికించి, అందరి ముందూ ఆట పట్టిద్దామని ఫోన్లు చేశాడు. పాత స్కోరు పుస్తకం తీయమన్నాడు. తీశాను. ఆ పేజీ నేను తిప్పక్కర్లేదు, దానంతటదే తెరుచుకుంటుంది.

ఆ ఏడు పదకొండు పేర్లు అయ్యాక పన్నెండో పేరు దగ్గర అన్న ఆగిపోయాడు. ఇద్దరు మిగిలారు. ఒకమ్మాయి తిరుచానూరులో పూలమ్మేవాళ్ళ బిడ్డ, పొడుగు. ఇంకొకమ్మాయి ఏర్పేడు పక్క పల్లె నుంచి బస్సులో వచ్చేది. పొట్టిది, మాట తక్కువ, బంతి కోసం నేల మీద పడడానికి వెనకాడేది కాదు. అన్నకు ఎత్తు మీద ఆశ. నా పుస్తకంలో అంకెలు ఏర్పేడు పిల్లవైపు ఉన్నాయి. తేల్చుకోలేక అన్న ఇంటికి వచ్చి చీటీలు వేయమన్నాడు. ఏది తేలకపోయినా అమ్మవారి పటం ముందు చీటీలు వేయడం నాయన నాటి నుంచి మా ఇంటి పద్ధతి. తీసేది నేనే. నా చెయ్యి మంచిదని అన్న నమ్మకం.

క్యాలెండర్ కాగితం చించి రెండు పేర్లు రాసి మడిచాను. ఒకటి పైన రేకుపట్టీ నొక్కిన అంచు నుంచి చిరిగింది. మడిచాక కూడా ఆ గరుకు చేతికి తెలుస్తోంది. అందులో ఉన్నది ఏర్పేడు పిల్ల పేరు. అప్పుడే రెండూ పారేసి కొత్తవి రాయాల్సింది. రాయలేదు. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టి చెయ్యి చాపాను. వేలు మొదట గరుకు కాగితం మీదే పడింది. జరిపాను. నున్నటిది తీశాను.

ఎందుకని ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పూలమ్మేవాళ్ళ పిల్ల శుక్రవారం శుక్రవారం కనకాంబరాల మాల తెచ్చి నా జడలో తానే పెట్టేది. నా బల్ల మీద ఎక్కి కూర్చుని కాళ్ళాడిస్తూ క్లాసులో సంగతులు చెప్పేది. బడికి పోని నాకు స్నేహితురాలంటూ దొరికింది ఆ పిల్లే. తను ఏడిస్తే చూడలేననుకున్నాను. ఏడ్చేవాళ్ళు ఇంకొకరుంటారని అనుకోలేదు.

ఆ పొడుగు పిల్ల ఆ పోటీల్లో ఆడింది కాసేపే. ఇప్పుడు వేలూరులో నర్సు. తన తప్పు ఏమీ లేదు.

చీటీలో అమ్మవారు ఎవరిని ఇచ్చిందో అన్న కోర్టులో అందరికీ చెప్పాడు. మరుసటి ఏడు ఏర్పేడు పిల్లకు కబురు పెట్టాడు. ఆ అమ్మాయి కోర్టు గేటు దాకా వచ్చి అక్కడే నిలబడింది. అమ్మవారు వద్దన్న పని చేయలేనని, ఆమె మాట దాటి ఆడితే ఇంటికి మంచిది కాదని వాళ్ళమ్మ కూడా అందని చెప్పింది. బంతి ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. నేను బల్ల దగ్గరే ఉన్నాను. అన్నీ విన్నాను. తల వంచుకుని స్కోరు రాసుకుంటూ కూర్చున్నాను.

ఇప్పుడు అన్న గోడ కాగితానికి గీతలు గీస్తూ మామూలుగా అన్నాడు: "ఆ ఏర్పేడు పిల్లను వదిలింది నేను గాదు పాపా. అమ్మవారు."

ఆ రోజు మధ్యాహ్నమంతా ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగాను. శుక్రవారం తిరుచానూరు వెళ్ళాను. ఎప్పుడూ అమ్మవారి ముఖం చూసి నాకిచ్చినవన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటాను. ఆ వేళ చూపు పాదాలు దాటి పైకి పోలేదు. నేను చేసిన ఎంపికను ఆమె ఎంపికగా పదిహేనేళ్ళు చలామణీ చేశాను. క్షమించమని అడగాల్సింది ముందు ఆమెను కాదు. బయటికి వచ్చి, పూలు కూడా కొనకుండా, ఆటో ఎక్కి బస్టాండుకు, అక్కడి నుంచి ఏర్పేడు బస్సుకు వెళ్ళాను. దారిలో రెండుసార్లు దిగిపోదామనిపించింది. సన్నకాలికి మెట్లు దిగడం కష్టం కాబట్టి కూర్చుండిపోయాను. అందుకూ కృతజ్ఞత చెప్పుకోవాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు అక్కడ కొత్తగా వచ్చిన పెద్ద కాలేజీ పిల్లల కోసం రోడ్డు పక్కన మెస్సు నడుపుతోంది. భోజనాల వేళ ఇంకా కాలేదు. పెద్ద గిన్నెలో సాంబారు కలుపుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టి, స్టూలు తుడిచి వేసి, మజ్జిగ ఇచ్చింది. సారు ఫోన్ చేశాడని, ఆదివారం తనను ఎందుకు పిలిచాడో అర్థం కాలేదని, తను జట్టులో లేదు కదా అని నవ్వింది. ఆ నవ్వులో కోపం లేకపోవడం నాకు మరీ కష్టమైంది. అమ్మవారే వద్దందనుకుని లేని కోపం అది. నేను చేసింది తెలిసి కాదు.

మజ్జిగ తాగకుండానే చెప్పాను. రేకు అంచు కాగితం, వేలు మొదట పడినది, జరిపినది. ఏదీ దాచలేదు. సాకులు చెప్పలేదు.

గరిటె ఆగింది. కాసేపటికి మళ్ళీ తిరిగింది.

"అంటే అమ్మవారు నన్ను వద్దనలేదా అక్కా?"

"అనలేదు. నేనే."

"మొదట నా చీటీ మీదనే పడిందా వేలు?"

"పడింది."

పొయ్యి తగ్గించి, పైటతో ముఖం తుడుచుకుంది. "మా అమ్మ సచ్చిపోయేదాకా ఆ మాటే అన్నాది అక్కా, అమ్మవారికి నీ ఆట ఇష్టం లేదు, మర్సిపో అని. నేను టీవీలో ఆట వస్తే గూడా లేచి పోతా ఉంటి." మళ్ళీ గరిటె అందుకుంది. "ఇప్పుడొచ్చి సెప్తే నేనేం జేసేదక్కా?"

తర్వాత తనే అడిగింది, సారుకు చెప్పావా అని. లేదన్నాను.

"ముందు పోయి ఆయప్పకు సెప్పు. నాకొకదానికే సెప్పి నువ్వు బరువు దించుకుంటే ఎట్లా?"

పిల్లలు గుంపుగా లోపలికి రావడం మొదలుపెట్టారు. తను కంచాలు పేర్చడానికి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానంటే తల ఊపింది, తిరిగి చూడలేదు. ఆ మాట న్యాయం. బస్సులో అదే నములుకుంటూ వచ్చాను.

అన్నకు ఆ సాయంత్రమే చెప్పాను. అన్న గీతల కాగితం పక్కకు జరిపాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే తేలికయ్యేది.

"పుస్తకం ముందరే ఉండె. అందులో ఎవురు మేలో రాసి ఉండె. అది సదివే ధైర్యం లేక చీటీ ఎయ్యమనింది నేను గదా" అన్నాడు. ఆ తర్వాత కాణిపాకం మాట ఇంట్లో ఎత్తలేదు.

ఆదివారం ఎనిమిది మంది వచ్చారు. పలకరింపులు, పిల్లల ఫోటోలు అయ్యాక, కాగితం మీద మొదటి పేరు రాయకముందే నేను లేచి నిలబడి చెప్పాను. కూర్చుని చెప్పే మాట కాదనిపించింది. తర్వాత వాళ్ళలో ఒకామె, అప్పట్లో తన ధ్యాసంతా పెళ్ళి మీదే ఉండిందని, తన పేరు కొట్టేసి ఆ చోటు ఏర్పేడు పిల్లకు ఇవ్వమని అంది. కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. అన్న నా పుస్తకం తెరిచి అంకెలు పైకి చదివాడు. అవి విన్నాక ఎవరూ వాదించలేదు. ఏర్పేడు అమ్మాయి పేరు మూడో వరుసలో రాశాను. ఆమె రాలేదు. కాగితం మీద ఎక్కడ రాసినా ఆమె ఆ పోటీలకు పోయినట్టు కాదని రాస్తున్నప్పుడే తెలుస్తోంది. అమెరికావాళ్ళ జాబితాలు తిరగరాసినప్పుడు ఈ సంగతి మాకు ఒక్కసారీ తట్టలేదు.

ఆ తర్వాతి వారమంతా గేటు చప్పుడైతే లేచి చూడడమే నా పని. జూలైలో ఒక ఆదివారం, మెస్సుకు సెలవు రోజు, అన్న కోర్టు నుంచి ఫోన్ చేసి ఆటో ఎక్కి రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. పుస్తకం తీసుకుని రమ్మన్నాడు అంతే.

ఆమె ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు పక్కన విడిచి. బంతిని రెండు చేతులతో తిప్పి చూస్తోంది, ఎవరిదో వస్తువు పొరపాటున చేతికి వచ్చినట్టు. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. పుస్తకం తెరిచి పెట్టాను. మొదటిది బుట్ట కూడా తాకలేదు. రెండోది రింగుకు తగిలి పక్కకు పోయింది. మూడోదీ పోయింది. అన్న మోచెయ్యి లోపలికి పెట్టమన్నాడు. నాలుగోది పడింది. ఆ తర్వాత మళ్ళీ పోయినవే ఎక్కువ.

పది విసిరాక ఊపిరి పీల్చుకుంటూ బల్ల వైపు వచ్చింది. నేను పెన్ను పట్టుకుని ఉన్నాను.

"రాస్తా ఉండావా?"

"రాస్తున్నా."

"ఎన్ని పడినాయి?"

"రెండు."

వంగి పుస్తకంలోకి చూసింది. పది గీతలు, ఎనిమిదింటి మీద అడ్డం కొట్టి ఉంది. ఒక్కొక్కటే వేలు పెట్టి లెక్కచూసుకుంది. నా మాట నమ్మలేదు. నమ్మకపోవడం మంచిదే అనుకున్నాను, అమ్మవారికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

"వచ్చే వారం గూడా రా. ఉండేది ఉండేటట్టు రాయి" అని బంతి తీసుకుని మళ్ళీ గీత దగ్గరికి వెళ్ళింది.

వేలూరులో ఉన్న పూలమ్మేవాళ్ళ పిల్లకు ఇంకా ఫోన్ చేయలేదు. చేయాలి. ఈలోగా నేను పేజీ తిప్పి, తేదీ వేసి, ఆమె పేరు రాసుకున్నాను.