డోలీలో తగ్గిపోయే ఆయాసం

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇన్నేళ్లు నర్సు పని చేశాను. పోయినవాళ్లను చాలామందిని చూశాను, తిరిగొచ్చినవాళ్లను చూడలేదు. ఎవరైనా అలాంటి కబుర్లు చెబితే ముఖం మీదే నవ్వేదాన్ని.

2001లో నన్ను విశాఖ మన్యంలో పెదబయలు అవతల కొండమీది ఊళ్లో సబ్ సెంటర్‌కి వేశారు. మాది విజయనగరం వైపు. అక్కడ మాట్లాడే మనిషి లేక రేడియోలో వార్తలకు జవాబులు చెప్పేదాన్ని. పక్కింటి బుద్రి ఒక్కతే వచ్చేది. వచ్చి నా అరుగు మీద పడుకుని కబుర్లు చెప్పేది. బద్ధకం అని తిట్టేదాన్ని.

ఆమె లేచి నిలబడితే ఆయాసం వచ్చేది, పెదాలు నీలంగా మారేవి. పడుకుంటే తగ్గిపోయేది. తరచూ ముక్కులోంచి రక్తం కారేది. రెండుసార్లు కర్రకి దుప్పటి కట్టి, డోలీలో పడుకోబెట్టి ఆస్పత్రికి మోయించాను. అక్కడ మంచం మీద పడుకోబెట్టే పరీక్ష చేసి, ఏమీ లేదన్నారు. దారిలో డోలీలోనే ఆయాసం తగ్గిపోతోందని నాకు తట్టలేదు. నటిస్తోందనుకున్నాను.

ఆ వానాకాలం ఒక పొద్దున ఆయాసం బాగా ఎక్కువైంది. ఆయాసపడేవాళ్లను కూర్చోబెట్టాలని మాకు నేర్పారు. గోడకి చేరేసి, వెనక దిండ్లు పెట్టాను.

"తొంగోబెట్టు సిస్టరమ్మా, కూకోనేను," అంది.

పడుకోబెట్టమంటోందని తెలిసీ నోరు మూసుకోమని కసిరాను. భుజాలు పట్టుకుని నిటారుగా కూర్చోబెట్టాను. నా చేతుల్లోనే పోయింది.

మరుసటేడు, సంతరోజు. ఊరంతా సంతకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం బుద్రి కూతురు సుక్రి కాఫీ తోటనుంచి నడిచొచ్చి నా గుమ్మంలో కూలబడింది. అదే ఆయాసం, అవే నీలం పెదాలు. మంచం మీదికి చేర్చి, బుద్ధి లేక మళ్లీ దిండ్లే అందుకున్నాను. సగం లేపానో లేదో, నా వెనక అరుగు వైపునుంచి వినబడింది.

"తొంగోబెట్టు సిస్టరమ్మా."

బుద్రి గొంతు. నా చేతులు వాటంతటవే వదిలేశాయి. పిల్ల వెనక్కి వాలింది. కాసేపటికి పెదాలకు రంగొచ్చింది. అప్పుడు బయటికెళ్లి చూశాను. అరుగు మీద ఎవరూ లేరు.

విశాఖలో పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. నిలబెట్టి కూడా చూడమని పోట్లాడాను. నిలబడగానే వేలి క్లిప్పులో ఆక్సిజన్ అంకె పడిపోయింది. ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు తప్పుగా కలిశాయని, అందుకే లేస్తే ఆయాసం వచ్చి పడుకుంటే తగ్గుతుందని, కొన్ని కుటుంబాల్లో వస్తుందని చెప్పారు. వైద్యం చేశారు. సుక్రి బతికింది.

జబ్బేమిటో తెలిసింది. ఆ గొంతు సంగతి ఇప్పటికీ తెలియలేదు. నా మనసే అలా వినిపించిందంటారు. కావచ్చు. కానీ నా మనసైతే నన్ను తిట్టాలి కదా. ఆ గొంతులో కోపం లేదు. అరుగు మీద పడుకుని నాతో కబుర్లు చెప్పినప్పటి గొంతే అది.