ఒక్క కొబ్బరిచెట్టుకు మూడు వారాలు

పోయిన మంగళవారం పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయిగారు వెళ్ళిపోయేరమ్మా. కాఫీ కలిపి తెచ్చేలోపే..." అంది.

బాబాయిగారు అమలాపురం పక్కనున్న బండారులంకలో నేత చీరల అంచులకు డిజైన్లు గీసేవారు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ హంస బొమ్మ తేల్చేవారు. తొంభైల చివర్లో హైదరాబాదులో వీడియో గేములు చేసే చిన్న కంపెనీ ఒకటి ఆ కాగితాలు చూసి ఆయన్ను పిలిచింది. టీవీకి తగిలించి ఆడే ఆ గేముల్లో బొమ్మలు కూడా అప్పట్లో గడులు గడులుగానే ఉండేవి. కొన్నేళ్ళకు తిరిగొచ్చి, అమలాపురంలో మందుల షాపు పైన రెండు గదుల్లో సొంత ఆఫీసు పెట్టారు. విదేశీ కంపెనీల గేములకు బొమ్మలు గీసి పంపడం మా పని. డిగ్రీ కాగానే నేనూ చేరాను. మొత్తం ఆరుగురం.

ఏ బొమ్మనైనా ఆయన గుమ్మం దాకా వెనక్కి నడిచి, అక్కణ్ణించి చూసేవారు. "ఆడేవాడు దూరంగా కూర్చుంటాడమ్మాయ్, నీ భుజం మీద కాదు" అనేవారు. భోజనానికి లేస్తే అందరి మానిటర్లూ తనే ఆపేవారు.

ఆ రోజుల్లో నేను కొబ్బరిచెట్టు మొదలుపెడితే మధ్యాహ్నానికి అయిపోయేది. తర్వాత కొత్త రకం గేము మిషన్లు వచ్చాయి. ఇప్పుడు మట్టకు ప్రతి ఆకూ గాలికి విడిగా కదలాలి, దాని నీడ కూడా కదలాలి. ఒక్క చెట్టుకు మూడు వారాలు పట్టింది. ఆరుగురం ఇరవైమందిమయ్యాం. మాకందరికీ సంబరంగా ఉంది. ఆయనే మాట తగ్గించేశారు.

"పని పెరిగింది కదండీ బాబాయిగారూ, అలా ఉన్నారేంటి?" అన్నాను.

"పనెక్కడ పెరిగిందమ్మా, అదే చెట్టు. ఖర్చు పెరిగింది. ఇంత పోసి గేము తీసినవాడు ఒక్కసారి దెబ్బతింటే మళ్ళీ లేవడు. వాడితోపాటు మనమూనూ."

ఆయనన్నట్టే మాకు పనిచ్చే కంపెనీల్లో ఒకటి ఉత్తరాలకు జవాబివ్వడం మానేసింది. ఇంకోదాని ఫోను ఎవరూ ఎత్తలేదు. మిగిలిన ఒక్క కంపెనీ పెద్ద గేము మొదలుపెట్టి, అరవైమందిని పెట్టుకుంటే బొమ్మల పనంతా మాకే ఇస్తానంది. ఆయన వద్దన్నారు.

కుర్రాళ్ళు మండిపడ్డారు. "మీరు భయపడుతున్నారు" అని నేనూ అనేశాను.

"ఆయ్, భయమేనమ్మా" అన్నారు, తల వంచుకుని.

ఆ నెలంతా మా బొమ్మలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి హైదరాబాదు తిరిగారు. సినిమాలకూ ప్రకటనలకూ బొమ్మలు చేసే చోట్ల మా అందరికీ ఉద్యోగాలు చూసిపెట్టాకే ఆఫీసు మూశారు.

ఆ పనిని మరో ఊళ్ళో ఇంకో సంస్థ తీసుకుంది. ఏడాది తిరక్కుండానే, మొదలుపెట్టిన కంపెనీ డబ్బు చాలక గేమును సగంలో ఆపేసింది. ఆ సంస్థలో పనిచేసేవాళ్ళు ఒక సోమవారం వచ్చేసరికి తలుపులకు తాళాలు. మాలో ఎవరూ అక్కడ లేరు. బాబాయిగారికి ఫోన్ చేసి చెప్పాను. "నేను ముందే చెప్పలేదా" అనలేదు. "వాళ్ళకెవరైనా ముందుగా చెప్పేరా అమ్మా?" అని మాత్రం అడిగారు.

కిందటి వేసవిలో మా ఇంటికి వచ్చారు. మావారు ఆడుతున్న కొత్త గేము అప్పుడే ముగిసింది. పనిచేసినవాళ్ళ పేర్లు తెర మీద పైకి కదలసాగాయి. మావారు ఆపబోతే, "ఉండండి అల్లుడుగారూ" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి కూర దించి, కంచాలు కడిగి వచ్చాను. పేర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.

"ఈ గేము అమ్ముడుపోకపోతే వీళ్ళంతా ఏమైపోతారమ్మా?" అన్నారు, నావైపు తిరక్కుండానే.

భోజనానికి రమ్మన్నా లేవలేదు. ముందుకు వంగి, పెదవులు కదుపుతూ ఒక్కో పేరూ చదువుతున్నారు. ఆయన కళ్ళజోడు మీద సన్నటి తెల్లటి వరసలు కిందనుంచి పుట్టి, పైకి పాకి, అంచు దగ్గర మాయమైపోతున్నాయి.