నేను కుట్టమనని జేబు

స్టాఫ్ రూములో ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే అందరూ నవ్వుతూ నా వైపు చూసేవారు, ఇక నేను తగులుకుంటానని. ఇరవై ఏళ్లకు పైగా ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. సోదె, శకునం, బల్లి పాటు, ఏదీ మా గుమ్మం తొక్కలేదు. నేను ఇంతవరకు ఏ దయ్యాన్నీ చూడలేదు కూడా. చూసిందల్లా ఒక జాకెట్టు. దాన్ని ఏ ఖాతాలో వెయ్యాలో తెలియక ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఇది తొంభైల చివర్లో మాట. మేము ఉండేది తణుకులో. మావారికి బ్యాంకులో ఉద్యోగం, మా అమ్మాయి తొమ్మిదో తరగతి, నాకు నలభై రెండేళ్లు. అత్తగారు మా దగ్గరే ఉండేవారు. మా వీధి చివర సత్యవతి అనే ఆవిడ ఇంటి వసారాలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. అప్పటికి పదేళ్లుగా నా జాకెట్లన్నీ ఆవిడ కుట్టినవే.

సత్యవతి ఒంటి మీద టేపు పెట్టేది కాదు. మనకు బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తే చాలు, దాన్ని ఆదిగా పెట్టుకుని కొత్తవి కుట్టేసేది. ఎవరి ఆది వాళ్ల పేరున్న చీటీతో గోడ మేకులకి వేలాడుతూ ఉండేది. మెడ కాస్త దించాలనో, చేతులు పొడుగు పెట్టాలనో ఎవరైనా చెబితే ఒక పాత నోటుబుక్కులో రాసుకునేది. ఆ పుస్తకంలో రాసుంటే తప్ప సొంత తెలివితో ఒక్క కుట్టు కూడా అదనంగా వేసే మనిషి కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మండపేటలో ఉండే మా ఆడపడుచు కూతురికి ఏప్రిల్లో పెళ్లి. మార్చిలో నేను సత్యవతికి రెండు గుడ్డలు ఇచ్చాను, పెళ్లికి ఒక పట్టుది, స్కూలుకి ఒక తెల్లది. నా ఆది ఎలాగూ ఆవిడ దగ్గరే ఉంది. పది రోజుల తర్వాత ఒక శనివారం సాయంత్రం జాకెట్లు వచ్చాయి. తొడుక్కుని చూస్తే ఎడమ వైపు లోపల ఏదో మందంగా తగిలింది. తిరగేసి చూశాను. లోపల మెత్తటి మల్లు గుడ్డతో అరచేయంత జేబు కుట్టి ఉంది. పై అంచు తెరిచి ఉంది. పట్టు జాకెట్టుకీ అంతే. కుట్టు మాత్రం ముత్యాల్లా ఉంది.

నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆదివారం పొద్దున్నే రెండూ పట్టుకుని వెళ్లాను.

"ఇదేంటి సత్యవతీ? చిల్లర దాచుకోడానికి నేనేమైనా జేబు అడిగానా?"

ఆవిడ మిషను ఆపి తెల్లబోయి చూసింది. "మీరే పెట్టమన్నారు గదండీ."

"నేనా? ఎప్పుడు?"

"మొన్న మంగళవారం పదకొండింటికి వచ్చారు గదండీ. ఇదిగో, ఈ బల్ల మీదే కూర్చున్నారు. మేకుకున్న మీ ఆది తీసుకోబోతే చెయ్యి పైకి లేవలేదండి, నేనే తీసిచ్చాను. ఎడమ పక్క లోపల మల్లు గుడ్డతో జేబులా పెట్టు, పైన మూసెయ్యకు అన్నారు."

నోటుబుక్కు తీసి చూపించింది కూడా. ఆవిడ వంకర అక్షరాలతో ఇలా ఉంది: టీచరుగారు, రెండిటికీ ఎడమ లోపల మల్లు జేబు, తొందర.

ఆ మంగళవారం పదకొండింటికి నేను పదో తరగతి పరీక్షల డ్యూటీలో ఉన్నాను. పక్క ఊరి సెంటరు. ఎనిమిదిన్నరకి రిజిస్టరులో సంతకం పెట్టి, జవాబు పత్రాలు కట్టలు కట్టి సీలు వేసి, మధ్యాహ్నం రెండు దాటాక ఇల్లు చేరాను. ఆ మాటే చెప్పాను. ఎవరినో చూసి నేననుకుని ఉంటావు, ఒకసారి కళ్లు చూపించుకో అన్నాను. నిజానికి ఆవిడ అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది.

ఆవిడ నాతో వాదించలేదు. నా జడ వైపే చూస్తోంది. అప్పట్లో నాకు నడుము దాటి జడ ఉండేది.

"ఆ రోజు మీ జుట్టు ఇంతేనండి," అని బొటనవేలి మీద కణుపు చూపించింది. "తెల్లగా, అప్పుడే మొలుస్తున్నట్టుంది. నెత్తి మీద కొంగు జారితే చూశాను. తిరపతిలో తలనీలాలు ఇచ్చొచ్చారేమో అనుకుని ఎప్పుడెళ్లారండీ అనడిగాను. మీరు నవ్వి ఊరుకున్నారు. నీలం నేత చీర, సన్నటి తెల్లంచు."

నీలం నేత చీర నాకు లేదు. సత్యవతి మొహంలో వేళాకోళం కూడా లేదు. ఆవిడ భయపడుతోంది. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. పట్టు జాకెట్టు జేబు అక్కడికక్కడే విప్పించాను. తెల్లది నేనే విప్పుకుంటానని తెచ్చేసుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సూది తీసుకుని కూర్చున్నాను. రెండు కుట్లు విప్పాక, అసలీ జేబు ఎక్కడికి వస్తుందో చూద్దామనిపించింది. జాకెట్టు తొడుక్కుని లోపలికి వేళ్లు పెట్టాను. జేబు అడుగున ఏదో గట్టిగా తగిలింది. దారం ముడి అనుకున్నాను. జాకెట్టు విప్పి చూస్తే గుడ్డలో ఏ ముడీ లేదు. మళ్లీ చెయ్యి పెట్టి చూసుకుంటే అది అక్కడే ఉంది, నా ఒంట్లో.

శనగ గింజంత ఉంది. నొప్పి లేదు. ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. మా అమ్మాయి వచ్చి టీ పెట్టనా అని అడిగితే పెట్టమన్నాను.

నిజం చెప్పాలంటే ఇంకెప్పుడైనా అయితే నేను వాయిదా వేసేదాన్నే. పరీక్షలయ్యాక పేపర్లు దిద్దాలి, ఆ తర్వాత పెళ్లి, ఆ తర్వాత చూద్దాంలే అనుకునేదాన్ని. నొప్పి లేనిదానికి డాక్టరు దగ్గరికెళ్లే అలవాటు మా ఇళ్లలో ఆడవాళ్లకి లేదు. కానీ ఆ జేబు నా ఒళ్లో ఉంది. సోమవారం సెలవు పెట్టి మావారితో రాజమండ్రి వెళ్లాను.

గడ్డలోంచి సూదితో కాస్త తీసి పరీక్షకి పంపారు. నాలుగు రోజులకి రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు ఆడమనిషే. ఆవిడ ఆ పేరు చెప్పినప్పుడు నేను వేరే ఎవరి గురించో వింటున్నట్టు తలూపాను.

"ఇంత చిన్నది ఎలా కనిపెట్టారమ్మా?" అని అడిగారావిడ. "మా దగ్గరికి పుండు పడ్డాక వస్తారు. మీరింకో ఆర్నెల్లు ఆగుంటే నేను వేరే మాట చెప్పాల్సొచ్చేది."

జాకెట్టు కుదరలేదండీ, అందుకు చూసుకున్నాను అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

ఎడమ వైపు మొత్తం తీసేశారు. ఆడపడుచు కూతురి పెళ్లికి వెళ్లలేకపోయాను. అడిగినవాళ్లకి గర్భసంచి తీశారని చెప్పమన్నారు మా అత్తగారు. మా వైపు నలభై దాటిన ఆడదానికి ఆ ఆపరేషను గౌరవంగానే ఉండేది. ఇది మాత్రం నోటితో అనకూడనిది. ఇంట్లో కూడా ఎవరూ పేరు పెట్టి అనేవారు కాదు, "అది" అనేవారు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చేది. పోయింది నాది, సిగ్గుపడుతున్నది వీళ్లూ అనుకునేదాన్ని.

తర్వాత మూడు వారాలకొకటి చొప్పున ఆరు ఇంజక్షన్లు. రెండోది అయ్యాక ఒక పొద్దున్న దువ్వుకుంటుంటే జడ చేతిలోకి వచ్చేసింది. మా అమ్మాయి ఏమీ అనకుండా చీపురు తెచ్చి ఊడ్చింది. మిగిలింది గొరిగించుకున్నాను. "తిరపతి మొక్కని చెబుదాంలే," అన్నారు అత్తగారు. సత్యవతి కూడా తిరపతి అనే అనుకుంది. సత్యవతి అన్న మాటలు అప్పటిదాకా మనసులో ఒక మూలకి తోసేసి ఉంచాను. ఇప్పుడు అద్దం ముందు నిలబడి ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. లేవని చెయ్యి, లేని జుట్టు, జేబు.

భయపడ్డాను. కానీ వింతేమిటంటే ఆ భయమే నాకు పట్టుగొమ్మ అయింది. సత్యవతి చూసిన మనిషికి కణుపంత జుట్టుంది. అంటే కణుపంత మొలిచేదాకా నేను ఉంటాను. తిన్నది తిన్నట్టు వాంతయ్యే రోజుల్లో గోడకి తిరిగి పడుకుని ఇదే లెక్క వేసుకునేదాన్ని. దేన్నీ నమ్మని మనిషిని దీన్ని మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

దీపావళి వెళ్లాక స్కూల్లో చేరాను. జుట్టు మొలుస్తోంది, తెల్లగా. జాకెట్టులో గుడ్డ ఉండ చేసి పెట్టుకునేదాన్ని. బోర్డు మీద రాస్తుంటే అది మెడ దాకా ఎక్కి వచ్చేది. ఒకసారి ముందు బెంచీ పిల్లలు చూసి తలలు దించుకున్నారు. ఆ సాయంత్రం బీరువా అడుగు నుంచి తెల్ల జాకెట్టు తీశాను. విప్పిన రెండు కుట్లూ మళ్లీ వేసి, గుడ్డ జేబులో పెట్టి తొడుక్కున్నాను. అది ఎటూ కదలలేదు. అప్పటికి గాని ఆ జేబు ఎందుకో నాకు అర్థం కాలేదు. మంచం మీద కూర్చుని ఏడ్చాను.

ఉన్నది ఆ ఒక్కటే. రోజూ ఉతికి అదే వేసుకునేదాన్ని. ఇంకో నాలుగు కుట్టించుకోవాలి, కానీ సత్యవతి ఇంటి వైపు వెళ్లడానికి కాళ్లు రాలేదు.

డిసెంబరులో మా ఆడపడుచు వచ్చింది. గండం గడిచింది వదినా, కొత్త చీర కట్టుకో అని ఒక పొట్లం చేతిలో పెట్టింది. విప్పితే నీలం నేత చీర, సన్నటి తెల్లంచు. సత్యవతి చెప్పింది నేను ఒక్క ప్రాణికి కూడా చెప్పలేదు. చీర మళ్లీ పొట్లంలో చుట్టేశాను. నచ్చలేదా అని మా ఆడపడుచు నొచ్చుకుంది.

దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. సత్యవతి చూసింది అంతవరకే. ఆ చీర కట్టుకుని ఆ గుమ్మం ఎక్కాక ఏమవుతుందో నాకెవరూ చెప్పలేదు. ఎక్కకపోతే సరి అనుకున్నాను. జుట్టు పెరిగిపోతే ఆ గొడవే ఉండదు.

ఓ వారం తర్వాత క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ ఆగిపోయాను. ఇప్పుడు వెళ్లకపోతే ఆ వెళ్లడం మిగిలే ఉంటుంది కదా. జుట్టు పెరిగాక వెళ్లాలంటే అది మళ్లీ ఊడి మళ్లీ మొలవాలి. అంటే మళ్లీ గడ్డ, మళ్లీ ఇంజక్షన్లు. నవ్వుకుంటారని తెలుసు, కానీ ఆ రోజు నాకు అంతకంటే నిజమైన లెక్క కనబడలేదు.

తర్వాతి మంగళవారం సెలవు పెట్టాను. నీలం చీర కట్టుకుని, నెత్తిన కొంగు వేసుకుని, పదకొండింటికి సత్యవతి వసారా ఎక్కాను. షుగర్ ఫ్యాక్టరీలో చెరకు ఆడుతున్నారు, వీధంతా మడ్డి వాసన. సత్యవతి తలెత్తి చూసి మిషను చక్రం మీద చెయ్యి అలాగే ఉంచేసింది. నేను బల్ల మీద కూర్చున్నాను. నా ఆది మేకుకే ఉంది. కుడి చేత్తో గుడ్డలు పట్టుకుని ఉన్నాను, ఎడమ చెయ్యెత్తితే సగంలో ఆగిపోయింది. ఆవిడ లేచి తీసిచ్చింది.

"లోపల ఎడమ వైపు మల్లు గుడ్డతో జేబులా పెట్టు సత్యవతీ. పైన మూసెయ్యకు. నాలుగు కుట్టాలి," అన్నాను.

ఆవిడ నోటుబుక్కు తియ్యలేదు. "గర్భసంచి అన్నారు గదండీ," అంది మెల్లిగా. కాదన్నాను. జరిగింది పేరు పెట్టి చెప్పాను. ఇంటి బయట ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి. ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుంది.

గుడ్డలు ఇచ్చి లేచాను. గుమ్మం దాకా వెళ్లాక, ఇంకేదో చెప్పాలని నాలుక చివర మాట ఆడింది. అది నేను ఆలోచించి తెచ్చుకున్న మాట కాదు. వెనక్కి తిరిగాను. అప్పటికే సత్యవతి మాట్లాడుతోంది.

"టీచరుగారూ, ఆ రోజు మీరు వెళ్తా వెళ్తా ఒక మాటన్నారండి. మీరు కోప్పడతన్నారని అప్పుడు చెప్పలేదు. శనివారానికల్లా ఇచ్చెయ్యి, ఆవిడ అన్నీ వాయిదా వేసే మనిషి అన్నారు. ఆవిడెవరో నాకు తెలియలేదండి. తొందర అని మాత్రం రాసుకున్నాను."

నా నాలుక చివర ఉన్నది సరిగ్గా ఆ మాటే.

ఆవిడ అనేసింది కదా, ఇక నేను అనక్కర్లేదు. అయినా అన్నాను. అనకపోతే మార్చిలో ఆ శనివారానికి జాకెట్లు రావేమో అనిపించి, గుమ్మం పట్టుకుని, మొత్తం మాట గట్టిగా అన్నాను.

ఇది జరిగి పదేళ్లు దాటింది. ఏడాదికోసారి రాజమండ్రి వెళ్లి చూపించుకుంటున్నాను. జుట్టు భుజాల దాకా పెరిగింది, మళ్లీ ఊడలేదు. సత్యవతి ఇప్పటికీ నా జాకెట్లు కుడుతుంది, ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తము.

స్టెప్పులు రాయకుండా జవాబు ఒక్కటే రాసిన పిల్లకి నేనెప్పుడూ మార్కులివ్వలేదు. ఈ లెక్కలో నా దగ్గరున్నది జవాబు ఒక్కటే, నేను బతికున్నాను. స్టెప్పులు ఎన్నిసార్లు కూర్చున్నా రాలేదు.