నిద్ర చీటీ

మా బావ జన్మలో ఒక్క అబద్ధం ఆడలేదని మా అక్క నమ్మకం. ఇరవై ఏళ్లపాటు ఊరందరికీ "బట్టలు రేపటికల్లా ఇచ్చేస్తాను" అని చెప్పిన దర్జీ గురించి ఆ మాట అనాలంటే కట్టుకున్న పెళ్లామే అయ్యుండాలి. నేను మరదల్ని కాబట్టి నాకు అంత భక్తి లేదు.

జనం కుట్టించుకోవడం మానేసి కొనుక్కోవడం మొదలుపెట్టాక కొట్టు మూతపడింది. నలభై రెండో ఏట బావ కుట్టు మిషను అమ్మేసి, లైసెన్సు సంపాదించి, ఒక సరుకు రవాణా కంపెనీలో లారీ డ్రైవరు శిక్షణకు చేరాడు. నలభై రోజులు సీనియర్ డ్రైవరు పక్కన కూర్చుని బండి నడపాలి. రోజూ ఆయన సంతకం పడాలి. మధ్యలో ఒక్క రోజు తెగినా లెక్క మళ్లీ ఒకటి నుంచే. ఆ నలభై సంతకాల మీదే మా అక్క ఇల్లు ఆధారపడి ఉంది. వెనక్కి వెళ్దామంటే మిషను కూడా లేదు.

ఆ సీనియర్‌ని అందరూ పెద్దాయన అనేవారు. బొద్దు మెడ, మెత్తని మాట. "ముందు అద్దం చూడు, తర్వాతే బ్రేకు" అని రోజుకి వందసార్లు చెప్పినా విసుక్కునేవాడు కాదట. బావకి ఆయనంటే ప్రాణం. ఆయన మేలుకుని ఉన్నంతసేపే.

పగలు పట్టణాల్లోకి లారీలను రానివ్వరు. అందుకని రాత్రి ప్రయాణం, పగలు నిద్ర. సీట్ల వెనక ఒకదాని మీద ఒకటి రెండు ఇరుకు పడకలు. పెద్దాయన కింద, బావ పైన. పెద్దాయన నడుం వాల్చిన అరనిమిషానికి గురక మొదలయ్యేది. ఆ గురకకి పై పడక రేకు కూడా అదిరేదని బావ అంటే నేను పడీపడీ నవ్వాను. "చెవుల్లో దూది పెట్టుకో బావా" అని ఫోన్లో సలహా ఇచ్చాను. "పెట్టుకున్నానమ్మా. ఇప్పుడు దూదితో సహా వినిపిస్తోంది" అన్నాడు.

ఆయనకంటే ముందే నిద్రపోవాలని పందెం వేసుకున్నట్టు కళ్లు మూసుకునేవాడు. ఏ రోజూ గెలవలేదు. తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. ఫోన్లో వాన చప్పుడు పెట్టుకున్నాడు. చివరికి తన విద్య వాడాడు. పెద్దాయన పాత బనీను అడిగి తీసుకుని, వెనకవైపు ఒక జేబు కుట్టి, అందులో రబ్బరు బంతి పెట్టాడు. వెల్లకిలా పడుకుంటే బంతి గుచ్చుకుని పక్కకి తిరుగుతాడని లెక్క. పెద్దాయన పగలబడి నవ్వి రెండు రోజులు తొడుక్కున్నాడు. మూడో రోజు "వీపు మీద గడ్డ లేచినట్టుందయ్యా" అని తీసేశాడు.

నవ్వులాట అక్కడితో అయిపోయింది. బండి కదిలించే ముందు ఇద్దరూ నిద్ర చీటీ నింపాలి. ఎవరు ఎన్ని గంటలు నిద్రపోయారో వాళ్లు రాసుకోవాలి. కింద రెండోవాడు సాక్షి సంతకం పెట్టాలి. చీటీ ఫోటో ఆఫీసుకి వెళ్లాలి. ఇద్దరిలో ఏ ఒక్కరికి ఐదు గంటలు తగ్గినా ఆ రోజు బండి కదలదు. బండి కదలకపోతే రోజు తెగుతుంది. అందుకని బావ రెండు గంటలు కునుకు తీసి ఏడు అని రాసేవాడు. పెద్దాయన హాయిగా ఎనిమిది రాసేవాడు. బావకి ఆ ఎనిమిదిని చూస్తే ఒళ్లు మండేది. 'నా నిద్ర కూడా నువ్వే పోతున్నావు' అనుకునేవాడట.

ముప్పై నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం గురక ఆగిపోయింది. బావ సంతోషపడి పక్కకి ఒత్తిగిల్లాడు. నిశ్శబ్దం. మరీ ఎక్కువసేపు నిశ్శబ్దం. అలవాటు కొద్దీ పాదం మిషను తొక్కుతున్నట్టు ఆడిస్తూ లెక్కపెట్టాడు. ఇరవై మూడు దగ్గర పెద్దాయన నీళ్లలోంచి పైకి వచ్చిన మనిషిలా ఎగశ్వాస తీసి, మళ్లీ గురక అందుకున్నాడు. నాలుగు నిమిషాలకి మళ్లీ అంతే. ఈసారి ముప్పై. సాయంత్రం దాకా బావ లెక్కపెడుతూనే ఉన్నాడు. ఈ మనిషి నిద్రపోవడం లేదని, ఇన్నాళ్లూ తానే పొరబడ్డానని అప్పుడు అర్థమైంది.

అయినా సాయంత్రం పెద్దాయన ఎనిమిది అని రాస్తే బావ కింద సంతకం పెట్టాడు. ఇంకా ఆరు రోజులే కదా అనుకున్నాడు.

తెల్లవారుతుండగా వంతు మారి స్టీరింగు పెద్దాయన చేతిలో ఉంది. వెనక లారీ నిండా గాజు సీసాలు, ఎడమ పక్క కాలువ, ఎదురుగా మలుపు. బావకి గురక వినిపించింది. ఐదు వారాలుగా విన్న గురకే. కాకపోతే ఈసారి చక్రాలు తిరుగుతున్నాయి.

"పెద్దాయనా!" అని అరిచి, మీదికి దూకి స్టీరింగు పట్టి లాగాడు. పెద్దాయన ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. సీసాలన్నీ గలగలమన్నాయి. ముందు చక్రం కంకరలోకి దిగి, కాలువకి బారెడు దూరంలో ఆగింది.

"కాస్త కళ్లు మూతలు పడ్డాయంతే" అన్నాడు పెద్దాయన. "ఆరు రోజులే కదా. నీ సంతకాలకి ఏ లోటూ రానివ్వను. ఈ మాట ఇక్కడితో వదిలెయ్."

ఆ పగలంతా బావకి కంటి మీద కునుకు లేదు. కింద ఊపిరి ఆగుతోంది, వస్తోంది, ఆగుతోంది. సాయంత్రం చీటీ తీసి, తన పేరు పక్కన 'సున్నా' అని రాసి అందించాడు. పెద్దాయన అది చూసి, తన వరుసలో ఎప్పటిలాగే ఎనిమిది వేసి తిరిగి ఇచ్చాడు.

"దీని కింద నేను సంతకం పెట్టలేనండి" అన్నాడు బావ.

"నా నిద్ర సంగతి నీకేం తెలుసయ్యా?"

"నేను మేలుకునే ఉన్నాను కదండీ. మీకు ఊపిరి ఆగిపోతోంది. ముప్పై దాకా లెక్కపెట్టాను. ప్రతి నాలుగైదు నిమిషాలకీ."

పెద్దాయన ముఖం పాలిపోయింది. చీటీ వెనక్కి తీసుకున్నాడు.

"మా ఆవిడ ఈ గురక పడలేక పన్నెండేళ్ల కిందటే పక్కగదిలోకి మారిపోయింది. ఇంక నాకు చెప్పేవాళ్లెవరు?" అన్నాడు.

ఎనిమిదిని కొట్టేసి 'తెలియదు' అని రాశాడు. బావ దాని కింద సంతకం పెట్టాడు. ఫోటో ఆఫీసుకి వెళ్లింది. గంటన్నరకి వేరే డ్రైవర్లు వచ్చి బండి తీసుకుపోయారు. పెద్దాయనని డాక్టరు దగ్గరికి పంపారు. బావ ముప్పై నాలుగు రోజులూ గాలికి పోయాయి.

మా అక్క రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. "ఆరు రోజులు నోరు మూసుకోలేకపోయావా?" అని ఏడ్చింది. నేనూ ఊరుకోలేదు. పెద్ద సత్యవంతుడివి దొరికావులే అని నోటికొచ్చినట్టు అన్నాను. బావ అంతా విని, కాలువ పక్కన ఆ గురక ఎలా వినిపించిందో ఒక్కసారి చెప్పాడు. అక్క కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి ఆయన సంచీ సర్దింది. నాకు సిగ్గేసింది.

మళ్లీ ఒకటి నుంచి, ఇంకో సీనియర్ దగ్గర. పదకొండో రోజున పెద్దాయన ఫోన్ చేశాడట. రాత్రిళ్లు ఊపిరి ఆగకుండా ముక్కుకి గాలి గొట్టం తగిలించుకుని పడుకోమన్నారని, మళ్లీ స్టీరింగు ఇస్తారో లేదో ఇంకా తేల్చలేదని చెప్పాడు. ఆ గొట్టంతో నిద్ర పడుతోందా అని బావ అడిగాడు.

"నిన్న ఆరు గంటలు నిద్రపోయానయ్యా" అన్నాడు పెద్దాయన. "సాక్షి సంతకం మా ఆవిడది."