పచ్చదారం పొట్లం

ఆ ఇంట్లో ప్రతి నెలా ఒకటో తారీఖున డబ్బును కుట్టేవారు. నిజంగానే, సూదీ దారంతో. టైలరింగ్ షాపులో కొలతలు గీసి పారేసిన ఖాకీ కాగితాన్ని ఇల్లాలు పొట్లాలుగా మడిచేది. లెక్కపెట్టిన నోట్లు లోపల పెట్టి, మూతి మీద నాలుగు కుట్లు వేసేది. అద్దెకు ఎర్రదారం, సరుకులకు నల్లదారం, గ్యాసుకూ కరెంటుకూ పసుపు, కూతురి కాలేజీకి నీలం. కూరగాయలకు పచ్చదారం, అవి మాత్రం వారానికొకటి. పొదుపుకు తెల్లదారం. దారం తెంపితే గాని పొట్లం తెరుచుకోదు, తెంపాక ఆమె కుట్టినట్టు మళ్ళీ కుట్టగలవాళ్ళు ఆ వీధిలోనే లేరు. ఒక పొట్లంలోంచి తీసి ఇంకో ఖర్చుకు పెట్టడం ఆ ఇంట్లో దొంగతనం కింద లెక్క.

ఆమె పని కాజాలు కుట్టడం. చొక్కాకు బొత్తాం దూరే చీలిక చుట్టూ దారం అల్లడం. చొక్కాకు ఏడు కాజాలు, రోజుకు పది పన్నెండు చొక్కాలు, కాజాకు ఇంత అని కూలి. షాపులో అందరికీ ఆమె కాజాలక్క. భర్త ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా పైకి వెళ్ళి, సాయంత్రానికి బయల్దేరిన చోటే దిగే ఉద్యోగం. కూతురు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది.

కాజాలక్క అరిగిన సబ్బు ముక్కను కొత్త సబ్బు వీపుకు అతికించేది. పేస్టు ట్యూబును చివరికి కత్తెరతో నిలువునా చీల్చేది. అన్నం ముప్పావు వంతు ఉడకగానే స్టవ్ ఆపి, గిన్నె మీద పాత తువ్వాలు కప్పి, మిగతా పని ఆవిరికి అప్పగించేది. భర్త యూనిఫాం కాలరు పీలికలైతే విప్పి, తిరగేసి కుట్టి, మరో రెండేళ్ళు తొడిగించేది. బస్సు టికెట్టు ధర ఎక్కడ పెరుగుతుందో ఆ స్టాపులోనే దిగి, మిగతా దూరం నడిచేది. ఎవరికి ఏం కావాలన్నా వంటగది తలుపు వెనక కాగితం మీద రాసి పది రోజులు ఆగాలి. పదకొండో రోజు కూడా కావాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు. కూతురు ఒకసారి 'గొడుగు' అని రాసింది. పదకొండో రోజుకు వానలు అయిపోయాయి.

ఇందులో చేతులెత్తి మొక్కాల్సిందేమీ లేదు. పొదుపు చేసే ఇల్లాలిని దేవతను చేసి కూర్చోబెట్టేవాళ్ళు ఆ దేవతతో ఒక వారం కాపురం ఉండి చూడాలి. పొట్లాలు మొదలుపెట్టిన ఏడాదే, ఒక శనివారం భర్త సంచీ దించి, "ఈ వారం ముప్పై ఎక్కువైందే, టమాటాలు పెరిగాయి" అన్నాడు. ఆమె అరవలేదు. తిట్టలేదు. తన కంటిచుక్కల సీసా కొనడం మానేసి ఆ ముప్పై పూడ్చింది. రోజుకు ఎనభై కాజాలు కుట్టే కళ్ళు అవి. రెండు వారాలు ఎర్రబడి నీరు కారుతూనే ఉన్నాయి. భర్త ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ధర పెరిగిందని అనలేదు. ఆరేళ్ళు.

ఆరేళ్ళూ పచ్చదారం పొట్లంలో నాలుగు వందలే. ఆరేళ్ళూ సంచీ నిండుగానే వచ్చింది. ఆమె రాత్రి ఎనిమిదిదాకా షాపులోనే ఉంటుంది కనుక బజారు పని మొదటినుంచీ ఆయనదే. షాపులో పక్కవాళ్ళు ధరలు తిట్టుకుంటుంటే ఆమె దారం కొరుకుతూ నవ్వేది.

"మీకు కొనడం రాదు. మా ఆయన బజారు కట్టేసే వేళకు వెళ్తాడు. బేరమాడి తెస్తాడు."

"ఏం బేరమక్కా అది? నాలుగొందలకి నాకు సగం సంచీ రావట్లేదు" అనేవాడు ఇస్త్రీ అబ్బాయి. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నా ఆ షాపులో వాడు అబ్బాయే. "మీ ఆయన్ని మా ఇంటికి కూడా పంపక్కా. పుణ్యముంటుంది."

"పుణ్యం ఎందుకు, సంచీ ఇవ్వు. తెచ్చి పెడతాడు."

అలా రెండేళ్ళ క్రితం నుంచి లిఫ్టాయన శనివారం రెండు సంచీలు మోసేవాడు. ఇస్త్రీ అబ్బాయి రెండొందలు ఇచ్చేవాడు, అర సంచీ కూరలు అందుకునేవాడు, బావా నువ్వు దేవుడివి అనేవాడు. కాజాలక్క గర్వంగా కళ్ళు దించుకునేది.

ఈ పొదుపంతా ఒకే ఒక్కదాని కోసం. ఫొటోస్టాట్ దుకాణం పక్కన, మెట్ల కింద, ఒక కుట్టుమిషనూ ఒక మనిషీ పట్టేంత గది. షట్టరుంది, బల్బుంది, రోడ్డు కనిపిస్తుంది. అక్కడ కూర్చుని ప్యాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, లూజులు బిగించడం చేసుకుంటే కూలి తనదే, కొలత తనదే. ఇన్నాళ్ళూ అది కోరికే. ఈ ఏడు అవసరమైంది. షాపు మాస్టర్ కాజాలు కుట్టే మిషను బేరం చేసి బయానా ఇచ్చేశాడు. అది వచ్చిందంటే చొక్కాకు రెండు నిమిషాలు.

"నీకేం లోటు రానివ్వనమ్మా, బొత్తాలు కుడుదువుగానీ" అన్నాడు మాస్టర్. బొత్తానికి కూలి కాజాలో మూడో వంతు.

ఫొటోస్టాట్ ఆయన గదికి లక్ష అడ్వాన్సు అడిగాడు. నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. ఆమె ఇంటికొచ్చి గోడకున్న తీగ దించింది. దానికి డెబ్భై రెండు రసీదులు గుచ్చి ఉన్నాయి. తెల్లదారం పొట్లాన్ని ప్రతి నెలా భర్తే తీసుకెళ్ళి, తన భవనంలోనే మూడో అంతస్తులో ఉన్న పొదుపు సొసైటీలో కట్టి రసీదు తెచ్చేవాడు. ఇద్దరి పేర్ల మీదా ఉన్న ఖాతా, ఎవరైనా కట్టొచ్చు, ఎవరైనా తీయొచ్చు. పాస్‌బుక్కు కౌంటర్లో ఎంట్రీలు వేయించాలి కనుక ఆయన దగ్గరే ఉండేది. నెలకు పదిహేను వందల లెక్కన రసీదులన్నీ కలిపితే లక్షా ఎనిమిది వేలు. ఒక్క నెలా తప్పలేదు. రసీదుల్లో ఒక్కటీ దొంగది కాదు.

ఆమె ఆ రసీదులు చూపించి ఫొటోస్టాట్ ఆయనకు మాటిచ్చేసింది.

నెలాఖరుకు వారం ఉందనగా లిఫ్టాయనకు జ్వరం వచ్చింది. శనివారం షాపులో రెండు గంటలు ముందుగా అడిగి, ఆరేళ్ళలో మొదటిసారి ఆమె పచ్చదారం పొట్లం పట్టుకుని బజారుకు వెళ్ళింది. భర్త ఎప్పుడూ కొనే దుకాణమేదో కూతురు చెప్పింది, కాస్త తడబడుతూ. కూరగాయలమ్మ తూచి, సంచీలో పోసి, వేళ్ళ మీద కూడింది.

"ఆరొందల తొంభై తల్లీ. పది తీసెయ్, ఆరొందల ఎనభై ఇవ్వు."

"అదేంటమ్మా! మా ఆయనకి నాలుగొందలకే ఇస్తావుగా?"

"ఎవరమ్మా మీ ఆయన?"

"లిఫ్టు నడుపుతారు. ప్రతి శనివారం వస్తారు, రెండు సంచీలు."

కూరగాయలమ్మ పడీ పడీ నవ్వింది. "లిఫ్టాయనా! ఆయన బేరమాడ్డం నేనొక్కనాడు చూళ్ళేదు తల్లీ. ఎంతంటే అంత చేతిలో పెట్టి చిల్లర కూడా వదిలేసి పోతాడు. పోతూ పోతూ ఒక్క మాటంటాడు. ఎవరైనా వచ్చి అడిగితే నాలుగొందలని చెప్పమ్మా అని. నేను పాపం ఆఫీసు లెక్కేమో అనుకున్నా." అంటూనే ఆమె మొహం చూసి నవ్వు ఆపేసింది. "అయ్యో. ఆ ఎవరైనా నువ్వేనా?"

కాజాలక్క సగం కూరలు తీయించేసి, నాలుగు వందలకు వచ్చినంత పట్టుకుని ఇంటికొచ్చింది. బస్సెక్కలేదు. ఎంత దూరం నడిచిందో ఆమెకే తెలియలేదు.

భర్త దుప్పట్లో ఉన్నాడు. సంచీ చప్పుడు విని లేచి కూర్చున్నాడు.

"ఎంతైంది?" అన్నాడు మెల్లగా.

"ఎంతవుతుంది? నాలుగొందలే."

ఆయన తల దించుకున్నాడు.

"పాస్‌బుక్కు ఎక్కడుంది?"

"చెబుతానే. ముందు కూర్చో."

"నిలబడే చదువుకుంటా. ఎక్కడుంది?"

యూనిఫాం ప్యాంటు లోపలి జేబులో ఉంది. ఆ జేబు ఆమే కుట్టింది, లిఫ్టులో రద్దీకి పర్సు పోకుండా. పుస్తకంలో ప్రతి నెలా ఒకటో రెండో తారీఖున పదిహేను వందలు వచ్చాయి. ప్రతి శనివారానికి ముందు ఎనభయ్యో, నూటయాభయ్యో, ఈ మధ్య నాలుగొందలో బయటికి పోయాయి. నెల మొదట్లో సరుకుల కోసం ఇంకొంత. చివరి పేజీ చివరి గీత కింద పదమూడు వేల నాలుగు వందలు ఉన్నాయి.

"నా కోసం ఒక్క పైసా వాడుకోలేదే. నీ మీదొట్టు."

"నా మీద ఒట్లు పెట్టకండి. అదొక్కటైనా మిగలనివ్వండి."

"నువ్వు కంటిచుక్కలు మానేశావు. గుర్తుందా? ముప్పై కోసం. మళ్ళీ చెబితే ఏం మానేస్తావోనని భయమేసింది. ధరలు తగ్గుతాయి, అప్పుడు సర్దేద్దాం అనుకున్నా. అవి తగ్గలేదు."

"ఇస్త్రీ అబ్బాయి ఇంటిక్కూడా మన డబ్బేనా?"

"నువ్వే గొప్పగా ఒప్పుకున్నావు. కాదంటే నీ మాట పోతుందిగా."

ఆమె గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు తిరిగింది. "నీకు తెలుసు."

ప్రశ్నలా అడగలేదు. కూతురు కూడా బుకాయించలేదు.

"రెండేళ్ళ నుంచి తెలుసమ్మా. నాన్న చెప్పొద్దన్నారు. అయినా నీకెలా చెప్పేది? ధర మాటెత్తితే నువ్వు ఆ పూట అన్నం సగమే పెట్టుకుంటావు. ఈ ఇంట్లో నిజం చెప్పాలన్నా తలుపు వెనక రాసి పది రోజులు ఆగాలిగా?"

ఆ మాటకు లెంపకాయ కొట్టి ఉండొచ్చు. కొట్టలేదు. తీగకున్న రసీదులు ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచింది, డెబ్భై రెండూ.

"నేను దొంగలకి భయపడి దారం వేశాను. మీరు దారం తెంపలేదు. దారం జోలికే రాలేదు. పొట్లాన్ని నా ముందే ఉంచి లోపలున్నది తీసేశారు. ముగ్గురం ఉన్న ఇంట్లో ఇద్దరు ఒకవైపు, నేనొకదాన్ని ఒకవైపు. బజార్లో ఆ కూరగాయలమ్మకి తెలుసు. నాకు తెలీదు."

భర్త ప్రేమకొద్దీ చేశాడని సర్దిచెప్పడానికి ఇరుగుపొరుగు ఆ వారమంతా పోటీపడ్డారు. తాగాడా, ఇంకో ఆడదానికి పెట్టాడా, నీ కడుపుకే కదా పెట్టాడు అన్నారు. ఆమెకు మింగుడుపడనిది సరిగ్గా అదే. తాగి తగలేసి ఉంటే తిట్టడానికి ఒక మొహం ఉండేది. ఈ డబ్బు ఎక్కడికీ పోలేదు. నలభై కాజాలు కుట్టి వచ్చిన పూట, ఎనభై కుట్టి వచ్చిన పూట, కంచం ముందు కూర్చుని తన షాపును తనే కొంచెం కొంచెంగా తింది. రుచిగా ఉందని కూడా అంది.

నెలాఖరున ఫొటోస్టాట్ ఆయన దగ్గరికి తనే వెళ్ళి, కుదరలేదని చెప్పింది. ఆయన ఆశ్చర్యపోయాడు.

"రసీదులు చూపించావు కదమ్మా?"

"రసీదులున్నాయండీ" అంది.

వారం తిరక్కుండా ఆ గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషి దిగాడు. కాజాల మిషను కూడా ఆ వారమే వచ్చింది. మాస్టర్ దానికి గుడ్డ కప్పి, ఆమె లేనప్పుడు నడిపేవాడు. ఆ మర్యాద ఆమెకు చిరాకనిపించింది.

"నా ముందే నడపండి మాస్టరుగారూ. దాచే పనులు మా ఇంట్లో చాలా జరిగాయి" అంది.

ఇస్త్రీ అబ్బాయి శనివారం అలవాటుగా సంచీ, రెండొందలు పట్టుకొచ్చాడు. ఆమె సంచీ వెనక్కి నెట్టింది.

"తమ్ముడూ, రెండేళ్ళుగా మీ ఇంట్లో ఉడికిన దాంట్లో సగం నాది."

మళ్ళీ ఇస్త్రీకి దిగిన వాడి చేతిలోని పెట్టె, విషయం వినగానే చొక్కా మీద అలాగే ఉండిపోయింది. చొక్కా మాడిన వాసన వచ్చాక తీశాడు. "నాకేం తెలుసక్కా! బావ బేరం అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా."

"తీర్చేస్తానక్కా. నెలనెలా కొంచెం."

పరవాలేదులే తమ్ముడూ అనాల్సిన చోట ఆమె, "నెలకి మూడొందలు. ఒకటో తారీఖున" అంది. వాడు తలూపాడు.

తర్వాతి ఒకటో తారీఖున కూడా పొట్లాలు కుట్టింది. కూరగాయల పొట్లంలో ఈసారి ఏడు వందలు పెట్టింది. దాన్ని భర్త చేతికివ్వలేదు. బజారు సంచీ తగిలించే మేకు ఆమె పడుకునే చోట తలవైపు గోడకు మారింది. తెల్లదారం పొట్లంలో మూడు వందలే మిగిలాయి, అవీ ఇస్త్రీ అబ్బాయివి. షాపుకు గంట ఆలస్యంగా వస్తానని చెప్పి, భర్త పనిచేసే భవనానికి వెళ్ళింది.

లిఫ్టులో అయిదుగురు ఉన్నారు. తిరగేసి కుట్టిన కాలరుతో, మీటల వైపు మొహం పెట్టి, ఆయన అలవాటు చొప్పున అడిగాడు.

"ఏ అంతస్తండీ?"

"మూడు."

గొంతు గుర్తుపట్టి తిరిగాడు. మీట నొక్కాడు.

సొసైటీ గుమస్తా పాత నంబరు చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీకు ఖాతా ఉంది కదమ్మా. అందులోనే వేసుకోవచ్చుగా?"

"అందులో జనం ఎక్కువయ్యారండీ. నా ఒక్కదాని పేరు మీద కొత్తది తెరవండి."

ఫారం నింపుతూ ఒక గడి దగ్గర ఆగింది. తనకేమైనా అయితే డబ్బు ఎవరికివ్వాలి?

"ఇది ఖాళీగా ఉంచొచ్చా?"

"కుదరదమ్మా. ఎవరో ఒకరు ఉండాలి."

వెనక వరసలో ఒకాయన దగ్గాడు. ఆమె చాలాసేపు కలం పట్టుకుని నిలబడి, చివరికి కూతురి పేరు రాసింది.

"ఈ సంగతి మా అమ్మాయికి మీరు చెబుతారా?"

"మేమెందుకు చెబుతామమ్మా?"

"చెప్పొద్దు" అంది. రసీదూ, పాస్‌బుక్కూ రెండూ అడిగి తీసుకుని, జాకెట్టు లోపల దోపుకుంది.

బయటికొచ్చేసరికి లిఫ్టు మూడో అంతస్తులోనే ఆగి ఉంది. ఆయన తలుపుకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. లోపల ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు.

"ఎంతసేపయ్యా! కిందికి పోనీ!"

"రావే" అన్నాడు ఆయన. "నీ మోకాళ్ళు..."

ఆమె మెట్లవైపు నడిచింది. ఒక పైసా కూడా మిగల్చని నడక ఆమె నడవడం అదే మొదటిసారి.